వాగవతలి గద్దె

నినియన్ గౌ రొట్టెల కొట్టుకి పోవడం మానుకుని చాలా కాలమైంది. అక్కడి మాంసం కూరిన రొట్టె మీద మోజు తీరి కాదు. అతను గుమ్మంలో కాలు పెట్టాడో లేదో, వరసలో ఉన్నవాళ్లందరూ రొట్టెల సంగతి మరిచిపోయి అతని మీద పడేవారు. "ఏడో హోల్ పక్కన కుందేళ్లు తవ్విపోస్తుంటే మీ కమిటీ నిద్రపోతోందా?" అని ఒకావిడ. "గడ్డి మరీ బోడిగుండులా కోయిస్తున్నావు" అని ఆవిడ వెనకాల ఆయన. "అసలు కోయించడమే మానేశావుగా" అని ఆయన వెనకాల ఇంకొకాయన. ముగ్గురూ ఒకే మైదానం మీద ఆడేవాళ్లే.

మా పోర్ట్‌లానన్ గోల్ఫ్ క్లబ్బులో మైదానం కమిటీకి పెద్దగా ఉండటమంటే అదీ. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆ పదవికి ఎవరూ పోటీ పడరు. ఓ ఏడాది సమావేశంలో "ఎవరు చేస్తారు" అని అడిగినప్పుడు నినియన్ తుమ్మాడనీ, ఆ తుమ్మునే ఒప్పుకోలుగా తీసుకున్నారనీ మావాళ్లు నవ్వుతూ చెబుతారు. అసలు సంగతి ఏమిటంటే ఆ మనిషికి కాదనడం చేతకాదు. రిటైరయ్యేదాకా సముద్రం ఒడ్డు రోడ్డు మీద బస్సు నడిపాడు. స్టాపు దాటాక చెయ్యెత్తిన వాళ్లకి కూడా బ్రేకు వేసి, ఆలస్యమైందని పైవాళ్ల చేత తిట్లు తినేవాడు. పెళ్లి చేసుకోలేదు. అక్క ఎఫీ ఇంటికి రెండు వీధుల అవతల చిన్న ఇంట్లో ఉంటాడు. ఆదివారం సూపు మాత్రం అక్క దగ్గరే.

అతని బతుకులో సుఖం అంటూ ఒకటుంటే అది గురువారం. గురువారం పొద్దున్నే అక్క మొగుడు లాకీ ఇమ్రీతో గోల్ఫ్. లాకీ పడవలు కట్టే చోట వడ్రంగి పని చేసినవాడు. చేతులు తెడ్లలా ఉండేవి. వయసులో ఉన్నప్పుడు అతనంత దూరం బంతిని కొట్టినవాడు ఊళ్లో లేడు. కొట్టడం సగం పనే, మిగతా సగం బావమరిదిని ఏడిపించడం.

"ఒరేయ్, నీ బంతి కూడా స్టాపు స్టాపుకీ ఆగుతోందేంట్రా?"

"ఆగినా ఇల్లు చేరుతుంది బావా. నీది చూడు, ఊరు దాటిపోయింది."

ఎండైనా, వానైనా, సముద్రం మీంచి దట్టంగా మంచు దిగినా ఆ గురువారం ఆగింది లేదు. చివరికి దాన్ని ఆపింది నాలుగో హోల్, ఆటలో నాలుగో అంచె.

అక్కడ తొలిదెబ్బ కొట్టే చదును గద్దె దిగగానే రెల్లు, బురద. బురద అవతల లానన్ వాగు. బంతి గాల్లోనే రెండూ దాటాలి. మధ్యలో ఆగుదామంటే అరచేతంత ఎండిన నేల లేదు. తుంటి ఎముక మార్పించుకున్నాక లాకీ దెబ్బలో సత్తువ తగ్గింది. బంతి లేవడం బాగానే లేచేది, వాగు మీదికి వచ్చేసరికి అలిసిపోయిన కొంగలా దిగిపోయేది. మొదట్లో గాలిని తిట్టాడు. తరవాత కొత్త కర్ర కొన్నాడు. ఆ తరవాత నాలుగో హోల్ దగ్గరికి రాగానే "తుంటి లాగుతోందిరా, నువ్వు కానీ" అంటూ వెనక్కి తిరగడం మొదలెట్టాడు. ఒక గురువారం నినియన్ వెళ్లి తలుపు కొడితే తీయనే లేదు.

వాగు అవతల ఇంకో గద్దె ఉంది. కానీ అది ఆడవాళ్లది. ముళ్లపొదల వెనక, ఒక కాలు ఎత్తులో ఒక కాలు పల్లంలో పెట్టుకుని నిలబడాల్సిన వంకర నేల. దాన్ని బాగుచేయించమని ఎఫీ అడిగీ అడిగీ విసిగిపోయింది. అక్కణ్ణించి కొడితే లాకీకి వాగుతో పనే లేదు. అయితే మా క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. మగాడి తొలిదెబ్బ ఆడవాళ్ల గద్దె దాటకపోతే ఆ పూట బార్లో అందరికీ వాడే పోయించాలి, ఆపైన మళ్లీ ఇంకొకడు దొరికేదాకా మాటలు పడాలి. బతుకంతా ఆ మాటలు అన్నవాళ్లలో మొదటివాడు లాకీ. ఇప్పుడు అదే గద్దె ఎక్కమంటే ఎక్కుతాడా?

"బావా, మంచు పట్టిన రోజు చూసుకుని పోదాం. ఎవరికీ కనపడదు," అన్నాడు నినియన్ ఒకసారి.

"లంగా నువ్వే తెస్తావా, మీ అక్కది తొడుక్కు రమ్మంటావా?" అన్నాడు లాకీ. నినియన్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ చలికాలం ఎఫీ తమ్ముణ్ణి పిలిచి వంటింట్లో కూచోబెట్టింది. పక్కగదిలో టీవీ మోగుతోంది. దాని ముందు కూచున్న మనిషి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"మాట్లాడడురా," అంది గొంతు తగ్గించి. "పొద్దున్న లేచి అక్కడ కూచుంటాడు, చీకటి పడితే లేస్తాడు. నిన్న సూపు చల్లారిపోతోందయ్యా అంటే 'ఏ సూపు' అన్నాడు. పెళ్లయినప్పట్నించీ ఈ మనిషి నోరు మూయించాలని చూశాను. ఇప్పుడు తనంతట తనే మూశాడు, నాకు భయమేస్తోంది."

"డాక్టరేమన్నాడు?"

"నడవమన్నాడు. ఎక్కడికి నడుస్తాడు, రొట్టెల కొట్టుకా? ఆ దిక్కుమాలిన నాలుగో హోల్ దాటించరా. కమిటీకి పెద్దవి నువ్వేగా?"

నినియన్ టీ కప్పులోకి చూస్తూ కూచున్నాడు. ఆ పదవి నెత్తిన పడ్డప్పట్నించీ అందరూ అడిగినవన్నీ అతనికి గుర్తే. చెయ్యదగ్గ పని అంటూ ఒకటి అడిగింది మాత్రం అక్క ఒక్కతే. చెయ్యకపోతే మనిషి దక్కడని కూడా అర్థమైంది.

క్లబ్బులో అప్పటికే సభ్యులు పల్చబడ్డారు. మైదానం దిద్దడానికి ఎడిన్‌బరా నుంచి రోనా క్రాన్‌స్టన్ అనే ఆవిణ్ణి పిలిపించారు. వయసులో చిన్నదే. వానలో నినియన్‌ని వెంటేసుకుని మైదానమంతా తిరిగింది. ఐదో హోల్ దగ్గర ఇసుకగుంటలు చూసి, "ఇవి ఎవరి కోసం?" అని అడిగింది.

"ఎప్పట్నించో ఉన్నాయండీ."

"బాగా ఆడేవాళ్ల బంతి వీటి మీంచి ఎగిరిపోతుంది. వీటిలో పడేది అసలే కొట్టలేనివాళ్లు. కిందపడ్డవాణ్ణే మళ్లీ తన్నడం దేనికి? పూడ్చేద్దాం."

ఇప్పుడు మంచి మైదానాలన్నీ ఇటే నడుస్తున్నాయని చెప్పింది. ముళ్లపొదలు నరికి గాలి ఆడనివ్వాలి. ఆడే బాట వెడల్పు చెయ్యాలి. ఆటకి రాని మూలల్ని కోయకుండా పూలకీ పిట్టలకీ వదిలెయ్యాలి. ఇక గద్దెల సంగతికొస్తే, ఆడా మగా అనే మాటే తీసెయ్యాలి. ప్రతి హోల్‌కీ ముందూ వెనకా నాలుగు గద్దెలు, ఎవరి సత్తువకి తగ్గది వాళ్లు ఎక్కాలి.

నాలుగో హోల్ దగ్గర నిలబడి రెల్లు వైపు చూసింది. "దాటలేనివాడికి ఇంకో దారి ఉండాలి కదండీ. ఇది ఆట కాదు, గోడ."

నినియన్ పక్కకి తిరిగి, వాన తుడుచుకున్నట్టు మొహం తుడుచుకున్నాడు.

కొత్త పోకడ అంటే మా ఊరికి ఒళ్లుమంట. ఆ ఇసుకగుంటలు తవ్విననాడు అవీ కొత్త పోకడే అన్న సంగతి ఒక్కడికీ గుర్తుండదు. ఓటింగుకి పెట్టిన సమావేశానికి జనం కిక్కిరిసి వచ్చారు. అందరికంటే ముందు వచ్చినవాడు లాకీ. ఎన్నాళ్లకో ఇల్లు కదిలాడు, టై కట్టుకుని మరీ. నినియన్ సంబరపడబోయాడు. ఈలోగా లాకీ లేచి నిలబడ్డాడు.

"ఊళ్లో ఇద్దరికి పళ్లూడాయని అందరికీ జావే పొయ్యాలా?" అన్నాడు. హాలు ఘొల్లుమంది. "వాగు ఉన్నది దాటడానికి. మా నాన్న దాటాడు, నేను దాటాను. దాటలేనివాడు ఇంట్లో కూచోవాలి. నేను కూచోలేదా?"

చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టినవాళ్లలో చివరి మాట విన్నవాళ్లు తక్కువ. నినియన్ విన్నాడు. మనిషి తన మీద తనే తీర్పు చెప్పుకుని దాన్ని ఊరి చేత ఒప్పిస్తున్నట్టనిపించి, లేచి వెళ్లిపోదామనుకున్నాడు. బల్ల వెనక కూచున్న పెద్దకి అదీ కుదరదు.

అప్పుడు ఎఫీ లేచింది. "కూచున్నావు. నా వంటింటికి కాపలా," అంది మొగుడి వైపు తిరక్కుండానే. "మేం ఇన్నేళ్లూ ఆ వంకర గద్దె మీంచే కొట్టాం. దాని మీద నిలబడితే ఎవరికీ ఏదీ ఊడిపడలేదు. మగాళ్లకి ఏం ఊడిపడుతుందని భయమో నాకైతే తెలీదు."

ఆడవాళ్ల వరసలు పగలబడి నవ్వాయి. ఆ వేళ వాళ్లు ఒక్కరు మిగలకుండా వచ్చారు. ప్రతిపాదన బొటాబొటిగా గట్టెక్కింది. లాకీ పెళ్లాం కోసం ఆగకుండా ఇంటికి నడిచాడు.

చలికాలమంతా యంత్రాలు తిరిగాయి. నినియన్ మీద సణుగుడు కూడా వాటితో సమానంగా నడిచింది. అతను విని ఊరుకున్నాడు. వసంతానికల్లా వాగవతల గద్దె తయారైంది. పొదలు పోయాయి, నేల చదునైంది, అక్కడ నిలబడితే సముద్రం కనపడింది. గద్దెలకి అంకెలు వేద్దామని రోనా అంది. నినియన్‌కి నచ్చలేదు. వెనకనించి లెక్కేసి అన్నిటికంటే ముందున్న గద్దెకి నాలుగో అంకె వేస్తే బళ్లో వెనక బల్లలా ఉంటుంది, లాకీ దాన్నీ తొక్కడు. పేరు పెడితే? అందులోనూ లాకీ పేరే పెడితే? తన పేరున్న నేల మీద నిలబడటానికి ఎవడు సిగ్గుపడతాడు? నల్లరాతి పలక మీద 'ఇమ్రీ గద్దె' అని చెక్కించి పాతించాడు.

ఇక్కడే ఆ మనిషి కొంప ముంచుకున్నాడు. మా మైదానంలో పేరున్న చోటల్లా ఎవడో ఒకడు ఏడ్చిన చోటే. 'పంతులుగారి గొయ్యి' ఉంది, పంతులు ఆ ఇసుకలోంచి బయటపడలేక కర్ర విరగ్గొట్టి మళ్లీ ఆట మొహం చూడలేదు. బెంచీల మీద పేర్లన్నీ చచ్చిపోయినవాళ్లవి. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ వాటి మధ్యే తిరిగినవాడు, ప్రేమ కళ్లు కప్పేసి, ఆ సంగతే మరిచాడు.

గద్దె తెరిచే రోజు ఎఫీ మొగుణ్ణి బతిమాలి తీసుకొచ్చింది. లాకీ వాగు మీది చెక్కవంతెన దాటి వచ్చి పలక ముందు ఆగాడు. చదివాడు.

"బతికుండగానే రాయి పాతేశావట్రా?"

"అయ్యో బావా, గౌరవంగా ఉంటుందని..."

"ఈ మైదానంలో రాయి మీద పేరు ఎవడికుంటుంది? చచ్చినవాడికుంటుంది, చేతకానివాడికుంటుంది. నేనెవణ్ణి? చెప్పు, మైదానం పెద్దవి కదా."

నినియన్ రాయి మీది మట్టి చేత్తో తుడిచాడు.

"బస్సులో ముసలాడికి సీటిచ్చినట్టు ఇచ్చావు," అన్నాడు లాకీ. "నేను అడగలేదురా." కుంటుకుంటూ వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఎఫీ తమ్ముడి వైపు చూసి, "నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అని మొగుడి వెనకాల పరిగెత్తింది.

ఆ సాయంత్రం నినియన్ కుర్చీలో కూలబడి బూట్లు కూడా విప్పలేదు. అన్నేళ్ల తిట్లు ఒక ఎత్తు, ఈ ఒక్క రోజు ఒక ఎత్తు. పదవి వదిలేద్దామనుకున్నాడు. వదిలేస్తే మాత్రం లాకీ కిటికీ దగ్గర్నించి లేస్తాడా? మర్నాడు పొద్దున్న వెళ్లి రాయి పెకిలించి, వెనక వైపు 'గౌ గద్దె' అని చెక్కించి మళ్లీ అక్కడే పాతాడు. గురువారం ఒక్కడే సంచీ భుజాన వేసుకుని, వెనక గద్దె వైపు కూడా చూడకుండా వంతెన దాటి, తన పేరున్న గద్దె మీంచి కొట్టాడు. ఆ రోజుల్లో అతని బంతి వాగుని బొటాబొటిగానైనా దాటుతూనే ఉందని ఊరందరికీ తెలుసు.

బార్లో పండగే పండగ. అక్కణ్ణించే కొట్టినవాడు దాన్ని దాటినట్టా, దాటనట్టా అని పెద్ద చర్చ పెట్టి, దాటనట్టేనని తేల్చి, అతని చేత అందరికీ పోయించారు. "జడ ఎప్పుడు వేసుకుంటున్నావు నినియన్?" అన్నాడొకడు. "గౌ మునిగిన చోటు అని రాయించాల్సింది" అన్నాడు ఇంకొకడు. అతను నవ్వినట్టు మొహం పెట్టి, గ్లాసు సగంలో వదిలేసి ఇంటికి పోయేవాడు. వచ్చే గురువారం మళ్లీ అదే గద్దె, అవే మాటలు. ముళ్లపొదల్లేని ఆ చోట దాక్కోవడానికి కూడా లేదు.

ఆ మాటలు లాకీ చెవిన పడకుండా ఎలా ఉంటాయి? బావమరిదిని తిట్టే హక్కు తనకొక్కడికే ఉందని నమ్మిన మనిషి అతను. మే నెలలో ఒక గురువారం నినియన్ వంతెన దాటేసరికి గద్దె పక్కన సంచీ పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీ ఆట చూసి నాలుగు రోజులు నవ్వుకుందామని వచ్చా. కొట్టు."

నినియన్ కొట్టాడు. బంతి పక్కకి దొర్లింది.

"ఛీ. ఇక్కణ్ణించి కూడా ఇంతేనా? మా ఇంటి పరువు తీస్తున్నావు. జరుగు అవతలికి."

లాకీ వంగి బంతి పెట్టాడు. వంగడానికే చాలాసేపు పట్టింది. కర్ర ఊపాడు. బంతి లేచి, గాలి మీద నిలిచి, వెడల్పైన కొత్త బాట నడిమధ్య పడి ఇంకా దొర్లింది. ఇద్దరూ అది ఆగేదాకా చూశారు.

"అలా కొట్టాలి," అన్నాడు లాకీ. సంచీ ఎత్తుకుని ముందు నడిచాడు. ఆ రోజు ఆఖరి హోల్ దాకా నడిచారు. సాయంత్రం ఎఫీ ఫోన్ చేసింది. "రెండోసారి అడిగి తిన్నాడురా. ఒక్క క్షణం నోరు మూయడం లేదు, తలనొప్పొస్తోంది," అంటూ ఏడ్చింది.

ఆ వేసవిలో మిగతా ముసలాళ్లూ ఒక్కొక్కరే ఆ గద్దె ఎక్కారు. ఎక్కేముందు అటూ ఇటూ చూసేవాళ్లు, "గౌ గద్దె మీద గాలి బాగుంటుంది" అనేవాళ్లు. జడ గురించి అడిగినవాడే అక్కణ్ణించి కొట్టడం మొదలెట్టాక బార్లో ఆనవాయితీ దానంతట అదే వదిలిపోయింది. ఎవరూ నినియన్‌కి ఒక మంచి మాట చెప్పలేదు, మా ఊళ్లో అలాంటి అలవాటు లేదు. అతనికీ అక్కర్లేకపోయింది. బావతో గురువారం దక్కింది, చాలు.

మరుసటి ఏడు అక్టోబరులో, చలి మొదలైన ఒక పొద్దున్న, లాకీ గద్దె మీద కర్ర ఆనించి నిలబడిపోయాడు.

"ఒరేయ్, నేను వెర్రివాణ్ణనుకున్నావా?"

"ఏమైంది బావా?"

"నువ్వు వెనకనించి దాటగలవు. నా కోసం ఏడాదిన్నరగా ఈ వేషం వేస్తున్నావు. రాయి తిరగేసినప్పుడే తెలుసు నాకు. ఊరుకున్నా. ఇంక నావల్ల కాదు. జాలి తిని తిని వెగటు పుట్టింది. పో, వెనక గద్దె ఎక్కి కొట్టు. నీ ఆట నువ్వాడు, నా ఆట నేనాడతా. లేదంటే వచ్చే గురువారం నన్ను పిలవకు."

అతను వట్టినే అనే మనిషి కాదు. నినియన్ వంతెన మీదుగా వెనక్కి వెళ్లాడు. పాత గద్దె మీద గడ్డి తడిగా ఉంది. బంతి పెట్టి, ఎప్పటిలాగే పొట్టిగా, వంకర లేకుండా కొట్టాడు. దెబ్బ బాగా తగిలింది. బంతి వాగు మీదిదాకా వెళ్లి దిగిపోయింది.

"నాటకాలాపరా!" అవతలి నుంచి లాకీ అరిచాడు. "సరిగ్గా కొట్టు!"

నినియన్ ఇంకో బంతి తీశాడు. ఈసారి కాళ్లు గట్టిగా ఊని, ఒంట్లో ఉన్నదంతా పెట్టి కొట్టాడు. నీళ్లు చిందిన చప్పుడు ఇటువైపుకి వినపడింది. లాకీ అరవలేదు.

మూడోది ఎందుకు పెట్టాడో అతనికే తెలీదు. అది వాగు దాకా కూడా పోలేదు, రెల్లులో పడింది.

నినియన్ తన చేతుల వైపు చూసుకున్నాడు. ఎప్పుడు పోయింది? ఏ గురువారం? బావకి తను చేస్తున్న మేలు అనుకుంటూ, లోలోపల కాస్త గొప్పపడుతూ, ఇన్నాళ్లూ ఆ గద్దె ఎక్కాడు. ఆ మేలు తనకే అవసరమైన రోజు ఎప్పుడో వచ్చి వెళ్లిపోయింది, తను చూసుకోలేదు. ఏడుపు రాలేదు. చాలా అలసటగా అనిపించింది, అంతే.

"నినియన్." లాకీ అతన్ని ఎప్పుడూ పేరుపెట్టి పిలిచి ఎరగడు. "చాలు. ఇటొచ్చెయ్."

నినియన్ కర్ర సంచీలో పెట్టుకుని కదిలాడు. లాకీ కుంటుకుంటూ వంతెన సగం దాకా ఎదురొచ్చాడు. ఏదో ఎగతాళి మాట నోటిదాకా వచ్చి ఆగిపోయినట్టుంది.

"చెక్కలు జారుతున్నాయి," అని చెయ్యి చాచాడు. నినియన్ పట్టుకున్నాడు.